ఆస్టిన్ సెషన్‌కి వెళ్తున్న మేనకోడలికి

అమ్మలూ,

మీ అమ్మ ఫోన్ చేసింది. లా ఫర్మ్ ఉద్యోగం మానేసి టెక్సస్ రాజధాని ఆస్టిన్‌లో ఒక కన్సర్వేటివ్ సంస్థలో చేరుతున్నావట. వచ్చే శాసనసభ సెషన్‌కి వాళ్ల ప్రాధాన్యాల జాబితా రాసే పని కూడా నీ నెత్తినే పెట్టారట. మనవాళ్ళ పిల్లల్లో ఇటు అడుగేసినవాళ్ళు ఎందరున్నారు చెప్పు! సంతోషంగా ఉంది. దిగులుగానూ ఉంది. నాలుగు పనులు ఒకేసారి భుజాన వేసుకోవడం నీకు చిన్నప్పటి నుంచీ అలవాటు. టెక్సస్ లెజిస్లేచర్ ఆ అలవాటుని క్షమించదు.

ముందు తారీఖులు గోడకి అంటించుకో. 90వ లెజిస్లేచర్ 2027 జనవరి 12, మంగళవారం కూర్చుంటుంది. 140 రోజులు, మే 31తో సరి. పేరుకే 140. మొదటి 60 రోజులు గవర్నర్ ఎమర్జెన్సీ అని ప్రకటించిన అంశాలు తప్ప మిగతావి సభలో ఓటుకి రావడం బహు అరుదు. సాధారణ బిల్లుల దాఖలుకి గడువు 60వ రోజు, అంటే మార్చి 12. అటు చివర 122వ రోజు, మే 13. ఆ రాత్రి పన్నెండు లోపు హౌస్ (దిగువ సభ) బిల్లు రెండో పఠనానికి, అంటే సభలో చర్చకీ ఓటుకీ, రాకపోతే పోయినట్టే. సెనేట్ నుంచి వచ్చిన బిల్లుకి మే 25 దాకా ఊపిరి ఉంటుంది. లెక్క వేసుకో, నీకు నిజంగా దొరికేది రెండు నెలలు. అందుకే బిల్లు మార్చిలో కాదు, నవంబరులో ప్రీఫైలింగ్ (సెషన్‌కి ముందే బిల్లుల దాఖలు) తెరవగానే పడాలి. ఏప్రిల్ నడిమికి కమిటీ హియరింగ్ జరగలేదంటే దాని మీద ఆశ వదులుకుని వేరే పని చూసుకో.

ఈసారి తప్పితే మళ్ళీ 2029లోనే. మధ్యలో స్పెషల్ సెషన్ పిలవాలంటే గవర్నరే పిలవాలి, 30 రోజులకి మించదు, ఆయన చెప్పిన విషయం తప్ప వేరేది చట్టం కాదు.

ఇక జాబితా. 2025లో దాఖలైన బిల్లులు ఎనిమిది వేల పైచిలుకు, గట్టెక్కినవి సుమారు 1,200. రాష్ట్ర రిపబ్లికన్ పార్టీ అంతటిదే తన లెజిస్లేటివ్ ప్రాధాన్యాల్ని ఎనిమిదికి కుదించుకుంటుంది. నీ సంస్థలో బోర్డు మెంబరు ఒకటి అంటాడు, పెద్ద దాత ఇంకొకటి అంటాడు, అందరినీ మెప్పించబోతే ముప్పై తేలతాయి. ముప్పై ఉన్న కాగితాన్ని ఏ సభ్యుడూ రెండో పేజీ తిప్పడు. మూడు బిల్లుల మీద ప్రాణం పెట్టు. ఇంకో నాలుగైదింటికి కమిటీలో మద్దతు కార్డు వేసి ఊరుకో. వాటితో సమానంగా, ఆపాల్సిన బిల్లుల పట్టీ ఒకటి రాసుకో. ఈ సభలో బిల్లు నెగ్గించడం కన్నా పడగొట్టడం పదింతలు సులువు. ప్రభుత్వం చిన్నదిగా ఉండాలనే వాళ్ళు కూడా ఆ పట్టీని చివర్లో రాస్తారెందుకో నాకు అర్థం కాదు.

కొన్ని ప్రాధాన్యాలకి బిల్లే అక్కర్లేదు, అది కూడా చూసుకో. సభలో తక్కువమంది ఉన్న పార్టీవాళ్ళకి కమిటీ ఛైర్మన్ పదవులు ఇవ్వకూడదన్న డిమాండు 2025 జనవరిలో హౌస్ రూల్స్‌తోనే తీరిపోయింది. రూల్స్‌కి సెనేట్‌తోనూ గవర్నర్‌తోనూ పని లేదు. మొదటి రెండు వారాల్లో నువ్వు సభ్యుల ఆఫీసుల చుట్టూ తిరిగి పరిచయాలు చేసుకునే లోపే ఆ ఓటు అయిపోతుంది.

సెనేట్ గురించి ఎక్కువ దిగులు వద్దు. 31 మందిలో 18 మంది ఉంటే బిల్లు సభ ముందుకొస్తుంది. 2015 ముందు 21 కావలసి వచ్చేది, తరువాత 19, 2021 నుంచి 18. కన్సర్వేటివ్ బిల్లులు అక్కడ ఇట్టే దాటతాయి. చచ్చేది హౌస్‌లో. నగరాలు, కౌంటీలు పన్ను డబ్బుతో లాబీయిస్టుల్ని పెట్టుకోకూడదన్న బిల్లు చూడు. 2019లో ఎస్‌బీ (సెనేట్ బిల్లు) 29 హౌస్‌లో 58-85తో పడింది. ఆ తరువాతా సెనేట్ పంపుతూనే ఉంది, 2025లో ఎస్‌బీ 19 కూడా హౌస్ దాటలేదు. చిన్న ఊరి నుంచి వచ్చిన రిపబ్లికన్ సభ్యుడికి ఆ ఊరి మేయరు, కౌంటీ పాలన చూసే కౌంటీ జడ్జి రోజూ కనపడే మనుషులు. వాళ్ళ నోరు కట్టేసే బిల్లుకి ఓటెయ్యమంటే ఎందుకేస్తాడు?

ఇప్పుడు చెప్పబోయేది మాత్రం రెండుసార్లు చదువు. 2023లో స్కూల్ ఛాయిస్, అంటే ప్రైవేటు స్కూలు ఫీజుకి ప్రభుత్వ డబ్బిచ్చే పథకం, ఎలా పోయిందో నీ సంస్థలో అందరికీ తెలుసు, ఎందుకు పోయిందో మాత్రం ఒక్కొక్కరు ఒక్కోటి చెబుతారు.

ఆ ఏడు ఏప్రిల్‌లోనే హెచ్చరిక వచ్చింది. ప్రభుత్వ నిధులు వోచర్లకి వాడకూడదంటూ బడ్జెట్ మీద వచ్చిన సవరణని హౌస్ 86-52తో నెగ్గించింది. ఆ అంకె చూసి ఆగాల్సింది. ఆగకుండా నవంబరులో నాలుగో స్పెషల్ సెషన్‌లో హెచ్‌బీ (హౌస్ బిల్లు) 1 తెచ్చారు. ఆ ఫీజు డబ్బు వేసే ఎడ్యుకేషన్ సేవింగ్స్ అకౌంట్లు, టీచర్ల బోనస్, స్కూళ్ళకి కొత్త నిధులు, అన్నీ ఒకే బిల్లులో. స్కూళ్ళకి డబ్బు కావాలనుకునే గ్రామీణ సభ్యులు అకౌంట్లనీ మింగక తప్పదని లెక్క. నవంబరు 17న కాలేజ్ స్టేషన్ అనే ఊరి రిపబ్లికన్ జాన్ రేనీ అకౌంట్ల భాగం ఒక్కటీ కొట్టేసే సవరణ పెట్టారు. 84-63. డెమొక్రాట్లతో 21 మంది రిపబ్లికన్లు కలిశారు. బిల్లు మళ్ళీ కమిటీకి పోయింది. అకౌంట్లూ రాలేదు, టీచర్లకి పైసా రాలేదు, 2019 నుంచి కదలని 6,160 డాలర్ల బేసిక్ అలాట్‌మెంట్ (ఒక్కో విద్యార్థికి స్కూలుకిచ్చే మూల మొత్తం) అక్కడే ఉండిపోయింది.

రెండిటినీ ముడిపెట్టిన చోటే తప్పు జరిగింది. ముడి వేస్తే సభ్యుడికి దారి మూసుకుపోతుందనుకున్నారు. నిజానికి తెరుచుకుంది. ఒక భాగాన్ని తీసేసే సవరణకి మామూలు మెజారిటీ చాలు. ఆ సభ్యుడు అకౌంట్లకి వ్యతిరేకంగా ఓటేసి, టీచర్ల పక్షాన నిలబడ్డానని ఇంటికెళ్ళి చెప్పుకోవచ్చు. విడిగా ఉన్న బిల్లుకి అయితే అవునో కాదో చెప్పాలి, దాక్కోవడానికి చాటు ఉండదు.

రెండో తప్పు ఓట్ల లెక్కలో. పేరు పక్కన రిపబ్లికన్ అని "ఆర్" ఉందని మనవాడిలో వేసుకున్నారు. వెస్ట్ టెక్సస్‌లోనో రాష్ట్రం ఉత్తర కొసన ఉన్న ప్యాన్‌హ్యాండిల్‌లోనో చాలా కౌంటీల్లో ఎక్కువమందికి ఉద్యోగాలిచ్చేది ప్రభుత్వ స్కూళ్ళు నడిపే స్కూల్ డిస్ట్రిక్టే. శుక్రవారం రాత్రి ఊరంతా ఫుట్‌బాల్ గ్రౌండులో ఉంటుంది. ప్రైవేటు స్కూలు కనుచూపు మేరలో ఉండదు. ఎంపిక స్వేచ్ఛ అని నువ్వు చెబితే, దేన్ని ఎంచుకోవాలమ్మా అని అడుగుతారు, ఆ ప్రశ్నలో తప్పేం లేదు.

2025లో ఏం మార్చారో చూడు. అకౌంట్లు ఎస్‌బీ 2గా విడిగా, స్కూళ్ళ నిధులు హెచ్‌బీ 2గా విడిగా నడిచాయి. మొదటిదానికి 100 కోట్ల డాలర్ల పరిమితి పెట్టారు, రెండోదానికి దాదాపు 850 కోట్లు. అకౌంట్ల బిల్లు నెగ్గుతుందని స్పీకర్ ముందే మాట ఇచ్చారు. అన్నిటికన్నా ముఖ్యం, సభ్యులే మారారు. ఆ 21 మందిలో కొందరు పోటీకి దిగలేదు, చాలామంది 2024 ప్రైమరీల్లో (పార్టీ అభ్యర్థిని ఎంచే ఎన్నికల్లో) ఓడారు. మే 3న గవర్నర్ సంతకం పెట్టారు. మన గెలుపంతా బిల్లు రాతలోనే ఉందని నీ ఆఫీసులో ఎవరైనా అంటే నమ్మకు. సగం ప్రైమరీలది. నీ సంస్థ 501(సి)(3), అంటే పన్ను మినహాయింపున్న లాభాపేక్షలేని సంస్థ, కాబట్టి ఆ సగంలో వేలు పెట్టే హక్కు నీకు లేదు.

అందుకని హౌస్‌లో 150 మందికీ ఒక్కో కార్డు రాయి. జిల్లాలో ఎక్కువమందికి ఉద్యోగాలిచ్చేది ఎవరు, ప్రైవేటు స్కూళ్ళెన్ని, గత ప్రైమరీలో ఎంత తేడాతో నెగ్గారు, ఊరి నుంచి ఎవరు ఫోన్ చేస్తే ఎత్తుతారు. "అవును" గడిలో సభ్యుడు స్వయంగా అన్న మాటే రాయాలి. స్టాఫ్ "బాస్‌కి నచ్చింది" అంటే అది "తెలీదు" గడి. 76 కావాలి, 82 లేకుండా సభకి తేకు, ఆ రోజున ఇద్దరు ఊళ్ళో ఉండరు, ఇద్దరు బాత్రూమ్‌కి పోతారు. రాజ్యాంగ సవరణ అయితే హౌస్‌లో 100, సెనేట్‌లో 21.

ప్రాపర్టీ టాక్స్ మీద మాట్లాడేటప్పుడు డాలర్లలో చెప్పు. హోమ్‌స్టెడ్ ఎగ్జెంప్షన్ (సొంత ఇంటి విలువలో స్కూల్ పన్ను పడని భాగం) 2023లో 40 వేల నుంచి లక్షకి, 2025 నవంబరు ఓటుతో 1,40,000కి పెరిగింది. నాలుగున్నర లక్షల ఇల్లు, స్కూల్ పన్ను రేటు వందకి ఒక డాలరు అనుకో. ఇదివరకు 3,500 కట్టేవాళ్ళు 3,100 కడతారు, మిగిలింది 400. ఆ 400 స్కూలుకి రాష్ట్రం పూడ్చాలి. స్కూల్ పన్ను మొత్తం ఎత్తేద్దాం అనే పెద్దమనుషులు నీ బోర్డులో తప్పక ఉంటారు. సేల్స్ టాక్స్ ఇప్పటికే స్థానికంతో కలిపి 8.25 శాతం దాకా ఉంది, పూడ్చే డబ్బు ఎక్కడిదని అడుగు. లెజిస్లేటివ్ బడ్జెట్ బోర్డు ఫిస్కల్ నోట్ (బిల్లుకయ్యే ఖర్చు అంచనా) చదవకుండా ఏ కమిటీ ముందూ కూర్చోకు.

సాక్ష్యం చెప్పడం. హౌస్ హియరింగ్‌కి ఐదు రోజుల ముందు నోటీసు ఇస్తారు, సెనేట్‌లో 24 గంటలే. లబ్బక్ నుంచి సాక్షి రావాలంటే ఆరు గంటల డ్రైవ్, ముందే సిద్ధంగా ఉంచుకో. మాట్లాడనిచ్చేది రెండు మూడు నిమిషాలు, నీ వంతు అర్ధరాత్రి దాటాక రావచ్చు. నమోదు ఫారంలో పేరు, ఊరు, ఎవరి తరఫున, బిల్లుకి అనుకూలమా వ్యతిరేకమా తటస్థమా, ప్రతి గడీ సరిగ్గా నింపించు. గుమాస్తా పనిలే అనుకోకు. 2015లో ఓపెన్ క్యారీ బిల్లు (తుపాకి బయటికి కనపడేలా పెట్టుకు తిరగనిచ్చేది), హెచ్‌బీ 910, సాక్షుల పట్టికలో పొరపాటు మీద పాయింట్ ఆఫ్ ఆర్డర్ (నిబంధన తప్పిందన్న అభ్యంతరం) పడి సభలోంచి కమిటీకి వెనక్కి పోయింది. అది ఏప్రిల్ కాబట్టి తిరిగొచ్చి చట్టమైంది. మే రెండో వారంలో అయ్యుంటే అంతే సంగతులు.

సభ్యుల జీతం నెలకి 600 డాలర్లు. అందరికీ వేరే వృత్తులున్నాయి. బిల్లు చదివేది పాతికేళ్ళ స్టాఫ్ పిల్లలు. వాళ్ళని చులకన చేశావో, నీ కాగితం అక్కడే ఆగిపోతుంది. ఒక్క పేజీ ఇవ్వు. అవతలివాళ్ళ వాదన కూడా అందులో న్యాయంగా రాయి, ఎలాగూ వాళ్ళకి తెలుస్తుంది.

డబ్బు విషయం. సెషన్‌కి 30 రోజుల ముందు నుంచి సభ్యులు విరాళాలు తీసుకోకూడదు. కాపిటల్ భవనంలో అసలెప్పుడూ ఇవ్వకూడదు. 1989లో కోళ్ళ వ్యాపారి బో పిల్‌గ్రిమ్ సెనేట్ ఫ్లోర్ మీదే పదివేల డాలర్ల చెక్కులు పంచినప్పటి రచ్చ ఈ నిబంధన వెనక ఉంది. జీతం తీసుకుని సభ్యుల్ని ఒప్పించే పని ఒక హద్దు దాటితే టెక్సస్ ఎథిక్స్ కమిషన్‌లో నమోదు కావాలి, గంటలూ డాలర్లూ రెండూ చూస్తారు, వారంవారం రాసిపెట్టుకో. సంస్థ 5768 ఫారం వేసి, లాబీయింగ్ ఖర్చు పరిమితిని అంకెల్లో చెప్పే 501(హెచ్) పద్ధతి ఎంచుకుందో లేదో మొదటి రోజే అడుగు. వేసి ఉంటే ఖర్చులో మొదటి 5 లక్షల డాలర్లకి 20 శాతం దాకా లాబీయింగ్‌కి పెట్టుకోవచ్చు, అందులో జనాన్ని కదిలించి ఫోన్లు చేయించే ఖర్చు పావు వంతు మించకూడదు. సెషన్ సంక్రాంతి ముందు మొదలవుతోంది కదా అని అరిసెల డబ్బాలు పట్టుకుని ఆఫీసులన్నీ తిరుగుతావేమో, బహుమతుల నిబంధన చదివాకే!

మీ అమ్మతో చెప్పనిది ఒకటుంది, నీకే రాస్తున్నా. 2026 జనవరిలో గవర్నర్ రాష్ట్ర సంస్థలు, పబ్లిక్ యూనివర్సిటీలు కొత్త హెచ్-1బీ పిటిషన్లు వేయకుండా ఆపించారు, 2027 మే 31 దాకా. సరిగ్గా సెషన్ ఆఖరి రోజు. అంటే ఈ విషయం సభకొస్తుంది. 2025 ఎస్‌బీ 17 చైనా, రష్యా, ఇరాన్, ఉత్తర కొరియా వాళ్ళ భూమి కొనుగోళ్ళ మీద ఆంక్షలు పెట్టింది. ఇండియా అందులో లేదు, కానీ దేశాల్ని చేర్చే అధికారం గవర్నర్‌కి ఇచ్చింది. నీ సంస్థ వీటిలో ఎటు నిలబడుతుందో, నిన్ను సాక్షి కుర్చీలో కూర్చోబెడతారో లేదో చేరకముందే అడుగు, జవాబు ఈమెయిల్లో తీసుకో. తెలుగు పేరున్న అమ్మాయి చెబితే బాగుంటుందని ఎవరో ఒకరికి తోస్తుంది. నీకు ఇష్టమై చెబితే సరే. చెప్పకూడదనుకుంటే ఆ మాట డిసెంబరులో అనాలి, హియరింగ్ ముందు రోజు రాత్రి కాదు. డాలస్ పక్కన ఫ్రిస్కోలో నీ సొంతవాళ్ళే నిన్ను నానా మాటలు అంటారు. పడు. మరీ బరువనిపిస్తే నాకు ఫోన్ చెయ్యి, ఎంత రాత్రయినా ఎత్తుతా.

మే 31న ఇంటికొచ్చి పడుకోకు. చివరి పది రోజుల్లో చేరిన బిల్లుల మీద గవర్నర్‌కి జూన్ 20 దాకా వ్యవధి. అప్పుడు వీటో పడితే తిరగదోడటానికి సభ ఉండదు. 2025లో టీహెచ్‌సీ (గంజాయిలో మత్తునిచ్చే పదార్థం) నిషేధం, ఎస్‌బీ 3, సెనేట్‌ని నడిపే లెఫ్టినెంట్ గవర్నర్ పట్టుబట్టి నెగ్గించింది, ఆఖరి రోజు జూన్ 22న వీటో అయింది. నీ మూడు బిల్లులూ మే 20కి ముందే గవర్నర్ బల్ల మీదికి చేరేలా చూడు. చేరకపోతే ఆ మూడు వారాలూ ఆయన ఆఫీసులో పాలసీ చూసేవాళ్ళకి ఉత్తరాలు రాస్తూ ఉండు.

జాబితా ముసాయిదా దసరా లోపు పంపు. ఎనిమిదికి మించి ఉంటే చదవకుండానే తిప్పి పంపుతాను.

మీ మావయ్య