హార్మోన్లు వాడాలా వద్దా అని తేల్చుకోలేకపోతున్న చెల్లెలికి

చెల్లీ,

నెలసరి ఆగాక హార్మోన్లు వాడటం మంచిదా, చెడ్డదా అని అడిగావు. అలా అడిగితే ఎవరూ సరైన జవాబు చెప్పలేరు. నీ ఒంటికి, ఈ వయసులో, ఏ రూపంలో పనికొస్తాయో అడగాలి. డాక్టరు దగ్గరికి వెళ్లేలోపే అందులో సగం నువ్వే తేల్చుకోవచ్చు.

ముందు బాధ ఎంతో చూసుకో. రెండు వారాలపాటు రోజూ రాసిపెట్టు: పగలు వేడి ఆవిర్లు ఎన్నిసార్లు వచ్చాయి, రాత్రి చెమట పట్టి ఎన్నిసార్లు లేచావు, యోనిలో మంట, పొడిదనం ఉన్నాయా. చివరి నెలసరి తేదీ కూడా రాయి. 45 దాటి నెలసరి తప్పుతూ ఆవిర్లు వస్తుంటే ఎఫ్ఎస్‌హెచ్ (అండాశయాలను నడిపే హార్మోన్) రక్తపరీక్ష అక్కర్లేదు, ఆ దశలో ఆ అంకె నిలకడగా ఉండదు. థైరాయిడ్ మాత్రం చూపించుకో. అది ఎక్కువగా పనిచేసినా ఇవే చెమటలు, ఇదే గుండెదడ. ఆవిర్లు అప్పుడప్పుడూ వచ్చి పోతుంటే మందు అక్కర్లేదు. నిద్ర పాడై, పగటి పని సాగకపోతే మాత్రం ఓర్చుకుంటూ కూర్చోవద్దు. ఆవిర్లను తగ్గించడంలో ఈస్ట్రోజన్‌కు, అంటే నెలసరి ఆగాక ఒంట్లో తగ్గిపోయే హార్మోన్‌కు, సాటివచ్చే మందు ఇంకోటి లేదు. ఎముకలు గుల్లబారకుండానూ కాపాడుతుంది. గుండెజబ్బు, మతిమరుపు రాకుండా ఉండాలని మాత్రం దీన్ని మొదలుపెట్టకూడదు.

ఇక వయసు. 60 లోపు ఉండి, చివరి నెలసరి అయి పదేళ్లు దాటకపోతే, వేరే జబ్బులు లేనివాళ్లకు సాధారణంగా మేలే ఎక్కువ. అందరినీ భయపెట్టిన అమెరికా అధ్యయనం, ఉమెన్స్ హెల్త్ ఇనిషియేటివ్, 2002లో ఈస్ట్రోజన్, ప్రొజెస్టిరాన్ తరహా మందు, రెండూ కలిపి ఇచ్చిన భాగాన్ని మధ్యలో ఆపేసింది. అందులో చేరిన స్త్రీల సగటు వయసు 63. రొమ్ము క్యాన్సర్ పెరిగిన మాట నిజం: 10,000 మంది ఏడాదిపాటు వాడితే సుమారు 8 కేసులు అదనం. గర్భసంచి తీసేసి ఈస్ట్రోజన్ ఒక్కటే వాడినవాళ్లలో అది పెరగలేదు, పక్షవాతం మాత్రం పెరిగింది. ముప్పు అసలే లేదనేవాళ్లను నమ్మకు, వాడితే క్యాన్సర్ ఖాయమనేవాళ్లనూ నమ్మకు.

కొందరికి ఈ దారి మూసుకున్నట్టే. రొమ్ము క్యాన్సర్, గుండెపోటు, పక్షవాతం వచ్చినవాళ్లు, కాలి నరంలోనో ఊపిరితిత్తిలోనో రక్తం గడ్డకట్టినవాళ్లు, లివర్ జబ్బు ముదిరి ఉన్నవాళ్లు దీని జోలికి పోకూడదు. కారణం తెలియని రక్తస్రావం ఉంటే ముందు ఆ కారణం తేలాలి. ఇవన్నీ అడగకుండా, బీపీ చూడకుండా చీటీ రాసే డాక్టరు దగ్గర మొదలుపెట్టకు. మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే) గడువు దాటి ఉంటే అదీ తీయించుకో.

గర్భసంచి ఉందా లేదా అన్నదాని మీద మందే మారిపోతుంది. ఈస్ట్రోజన్ ఒక్కటే పడితే గర్భసంచి లోపొర మందమవుతూ పోయి, కొందరిలో క్యాన్సర్‌గా మారుతుంది. దాన్ని అదుపులో పెట్టడానికే ప్రొజెస్టిరాన్ అనే రెండో హార్మోన్. నెలసరి ఇంకా వస్తూ పోతూ ఉంటే నెలలో 12 రోజులు 200 మిల్లీగ్రాములు, ఆగి ఏడాది దాటితే రోజూ 100 మిల్లీగ్రాములు, అదీ పడుకునే ముందు, ఎందుకంటే మత్తుగా ఉంటుంది. ఆ మత్తు నచ్చక ప్రొజెస్టిరాన్ మానేసి ఈస్ట్రోజన్ ఒక్కటే కొనసాగించేవాళ్లు ఉంటారు. నువ్వు ఆ పని ఎప్పుడూ చేయకు.

ఈస్ట్రోజన్ మాత్రగా మింగితే ముందు లివర్‌లోకి వెళ్లి, రక్తం గడ్డకట్టే గుణాన్ని పెంచుతుంది. చర్మం మీది ప్యాచ్, జెల్ ఆ దారిన వెళ్లవు. బరువు ఎక్కువున్నవాళ్లకు, మైగ్రేన్, బీపీ ఉన్నవాళ్లకు, రక్తంలో ట్రైగ్లిజరైడ్లనే కొవ్వు పెరిగినవాళ్లకు అందుకే ప్యాచ్ అడగమంటాను. 25 లేదా 50 మైక్రోగ్రాములది వారానికి రెండుసార్లు, నడుము కిందుగా, నూనె, క్రీము లేని పొడి చర్మం మీద, ప్రతిసారీ చోటు మార్చి అంటించాలి. రొమ్ముల మీద వద్దు. మాత్రే వేసుకుంటే ఎస్ట్రడయోల్ (ఈస్ట్రోజన్‌లో ఒక రకం) 1 మిల్లీగ్రాముతోనో, అంతకంటే తక్కువతోనో మొదలుపెడతారు.

బాధంతా యోని పొడిదనం, మంట, మాటిమాటికీ మూత్రంలో ఇన్‌ఫెక్షన్ అయితే ఒళ్లంతటికీ మందు దేనికి? లోపల పెట్టే ఈస్ట్రోజన్ క్రీమో, చిన్న మాత్రో చాలు: రెండు వారాలు రోజూ, తర్వాత వారానికి రెండుసార్లు. రక్తంలోకి చాలా కొద్దిగానే చేరుతుంది కాబట్టి ప్రొజెస్టిరాన్ అక్కర్లేదు. పూర్తి గుణం కనబడటానికి మూడు నెలలు పట్టొచ్చు, మధ్యలో విసిగి మానేయకు.

40 లోపే నెలసరి ఆగినవాళ్లకు, చిన్న వయసులోనే అండాశయాలు తీసేసినవాళ్లకు లెక్క వేరు. ఎముకల కోసం, గుండె కోసం, వద్దనే కారణం లేకపోతే సుమారు 51 ఏళ్ల వరకు హార్మోన్ ఇవ్వాలి. 2002 నాటి భయం వాళ్లకు వర్తించదు.

హార్మోన్ కుదరనివాళ్లకు వెన్లాఫాక్సిన్ (డిప్రెషన్ మందు), గాబాపెంటిన్ (మూర్ఛ, నరాల నొప్పి మందు) లాంటివి ఆవిర్లను కొంతవరకు తగ్గిస్తాయి. రొమ్ము క్యాన్సర్‌కు టామోక్సిఫెన్ వాడుతుంటే పారోక్సెటిన్ అనే డిప్రెషన్ మందు వద్దు, అది టామోక్సిఫెన్ పనిని దెబ్బతీస్తుంది.

మొదలుపెట్టాక మూడు నెలలకు మళ్లీ చూపించుకో, ఆ తర్వాత ఏటా. తొలి నెలల్లో కొద్దిగా రక్తం కనబడటం మామూలే. ఆరు నెలలు దాటినా కనబడుతున్నా, పూర్తిగా ఆగి మళ్లీ మొదలైనా స్కానింగ్ తప్పదు. ఒక కాలి పిక్క వాచి నొప్పెట్టినా, ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీనొప్పి వచ్చినా, మాట తడబడినా మర్నాటిదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లు. ఇది గర్భనిరోధక మందు కాదు. 50 దాటాక నెలసరి ఆగితే ఇంకో ఏడాది, అంతకుముందే ఆగితే రెండేళ్లు జాగ్రత్త పడాలి. ఐదేళ్లకు ఆపేయాలనే గడువేమీ లేదు. ఏటా డాక్టరుతో మాట్లాడి, మోతాదు తగ్గించి చూసుకో. ఆవిర్లు తిరిగొచ్చి బాధపెడితే ఇవే ప్రశ్నలు అప్పటి వయసుకు మళ్లీ వేసుకో.

నీ అక్క