కోరింగ వెళ్లే అమ్మలుకి

అమ్మలూ,

బురదలో మేసే ఉల్లంకి పిట్టల కోసం ఏప్రిల్లో కోరింగ మడ అడవులకి వెళ్తున్నావని మీ నాన్న చెప్పాడు. గర్వంగా ఉంది. భయంగానూ ఉంది.

టోపీ, నీళ్లు, 8×42 బైనాక్యులర్, అటవీశాఖ అనుమతి: ఇవి నీకు తెలిసినవే. స్కోపు (స్టాండు మీద పెట్టే దూరదర్శిని) పడవలో ఊగుతుంది, పనికిరాదు. ఒడ్డున పెడితే స్టాండు కాళ్ల కింద చెక్కముక్కలు వెయ్యి, లేకపోతే బురదలోకి దిగిపోతుంది.

నీరు పూర్తిగా తీశాక వెళ్తే పిట్టలు ఎక్కడో దూరంగా చెదిరి ఉంటాయి. పోటెక్కే చివరి రెండు మూడు గంటల్లో నీళ్లే వాటిని ఒడ్డుకి తరుముకొస్తాయి. ఆ వేళ రోజుకి సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది, నిన్నటి టైము నమ్మకు. సాయంత్రం పోటు పడే రోజు ఎంచుకో. పొద్దున సముద్రం వైపు చూస్తే ఎదురెండకి కాళ్ల రంగే తెలియదు.

ఇక అసలు సంగతి. కొత్తవాళ్లందరూ చేసే తప్పు ఒకటుంది: పిట్టలు దూరంగా ఉన్నాయని నీరు తీసినప్పుడు బురదలోకి నడిచిపోవడం. పోటు ఎదురుగా వస్తుందనుకుంటారు. కాదమ్మా, ముందు పాయల్లోకి ఎక్కుతుంది. నువ్వు నిలబడ్డ దిబ్బ పొడిగానే ఉంటుంది, వెనక దాటొచ్చిన పాయ మాత్రం నిండిపోతుంది. మొదటి గంటలో నీరు పెరిగేది మొత్తంలో పన్నెండో వంతే. అది చూసి ధీమాగా ఉంటారు. మూడో గంట, నాలుగో గంట, ఈ రెండింటిలోనే సగం పోటు వచ్చేస్తుంది. అమావాస్యకి, పున్నానికి ఇంకా ఎత్తు. సముద్రం మీంచి గాలి గట్టిగా కొడితే పోటు వేళల పట్టికలో రాసిన టైముకన్నా ముందే ముంచుకొస్తుంది. బురదలోకి అస్సలు దిగకు. పడవ దిగేటప్పుడు పొరపాటున కాలు కూరుకుపోతే నిటారుగా లాగకు, ఇంకా పట్టేస్తుంది. వెనక్కి వాలి కూర్చుని, పాదం అటూ ఇటూ కదుపుతూ తియ్యి. చెప్పు పోతే పోనీ.

కోప్పడుతున్నాననుకోకు తల్లీ. ఒడ్డునే ఉన్నా కనబడేవి తక్కువేం కాదు. ఉల్లంకుల్లో కర్లూ శాండ్‌పైపర్ అనేదానికి అప్పుడే ఇటుక రంగు పొట్ట వస్తుంటుంది. రెడ్‌షాంక్ లేస్తే రెక్కల వెనక అంచున తెల్లటి పట్టీ, గ్రీన్‌షాంక్‌కి వీపు మీదుగా తెల్లటి చీలిక. గ్రేట్ నాట్ కోసం మాత్రం ఓపికపట్టు, రొమ్ము మీద దట్టంగా నల్లమచ్చలుంటాయి. 2015 నుంచి అది ప్రపంచవ్యాప్తంగా అంతరించే ప్రమాదంలో ఉన్న జాతి.

ఇవన్నీ ఉత్తరాదికి వేల కిలోమీటర్లు ఎగరడానికి ఒంట్లో కొవ్వు కూడబెట్టుకునే రోజులివి. గుంపు మేత ఆపి తలలెత్తిందంటే అక్కడే ఆగిపో. ఒంటికాలి మీద నిద్రపోయేది రెండో కాలు దించిందంటే రెండడుగులు వెనక్కి వెయ్యి. ఫోటో కోసం లేపితే ఆ కొవ్వే కరుగుతుంది.

పడవ సరంగు నంబరు, తిరిగొచ్చే టైము మీ నాన్నకి రాసిచ్చి వెళ్లు. గ్రేట్ నాట్ కనబడితే ఎంత రాత్రైనా సరే నాకు ఫోన్ చెయ్యి.

పెదనాన్న