బొమ్మల ఎంపిక ఓట్లకూ కంప్యూటర్‌కూ వదిలేయొచ్చా? మేం ఒకసారి వదిలేసినాం

ప్రదర్శనలో ఏ బొమ్మలు పెట్టాలో జనం ఓట్లకూ కంప్యూటర్‌కూ అప్పజెబితే ఎట్లుంటుందని అడిగినారు. అనంతపురంలో డ్రాయింగ్ మాస్టారుగా ఉన్నప్పుడు మేం ఆ పని చేసి చూసినాం.

గోడలు చాలవు, బొమ్మలేమో మూడింతలు వచ్చినాయి. ఏది తీసేసినా ఎవరో ఒకరు అలుగుతారు. సాఫ్ట్‌వేర్ చదివిన మా శిష్యుడొకడు "తిట్లు మనమెందుకు తినాల సార్?" అని ప్రోగ్రాం రాసినాడు. ఫోటో బాగలేనివాటిని అదే తీసేస్తుంది, మిగిలినవాటికి జనం ఫోన్లో ఓటేస్తారు.

మొదటి స్థానం ఒక సినిమా హీరో పెన్సిల్ బొమ్మకు. గీసినోడి పెదనాన్న పెండ్లి సంబంధాలు చూస్తాడు, ఆయనకున్నన్ని వాట్సాప్ గ్రూపులు కలెక్టరుకు కూడా ఉండవు.

నిమ్మలకుంట పెద్దాయన తెచ్చిన తోలుబొమ్మ రావణాసురుడు మాత్రం తొలి వడపోతలోనే పోయినాడు. గోడకు ఆనించి తీసిన ఫోటోలో తోలు మురికిగా, చిల్లులు నల్లచుక్కల్లా ఉన్నాయి. చూసి నేనూ సరేలే అనుకున్నా, దాచేదేముంది. బొమ్మ తీసుకుపోను వచ్చిన ఆయన "యెనక దీపం పెట్టల్ల గదా సార్" అని సంచిలోంచి సొంత బల్బు తీసి, తలుపులు మూయించి వెలిగించినాడు. పది తలలూ ఎర్రగా, పచ్చగా లేచినాయి. ఉలితో కొట్టిన చిల్లులన్నీ నగలైనాయి. టీ తెచ్చిన పిల్లోడు గ్లాసులు దించకుండా అట్లే నిలబడిపోయినాడు. ఓటంటే నాకు అదీ!

2008లో అమెరికాలో బ్రూక్లిన్ మ్యూజియం 'క్లిక్!' అని ఇట్లాంటిదే చేసింది. 389 ఫోటోలకు 3,344 మంది మార్కులేసినారు. మనవాడి ఫోటోకు లింకు పంపే వీల్లేదు, తెరమీద ఏదొస్తే దానికే వేయాల. పెదనాన్నల ఆటలు సాగవన్నమాట. అయినా అవి ఫోటోలు గాబట్టి తెరమీద చూసినా నడిచింది. లేపాక్షిలో మెడ పైకెత్తి చూడాల్సిన కప్పుమీది బొమ్మల్ని ఫోన్లో చూసి మార్కులేయమంటే ఏం వేస్తారు? కంప్యూటర్‌తో కొలతలు, పేర్ల చీటీలు చేయించుకోండి. ఓటు హాలుకొచ్చి నిలబడినోళ్లకే ఇయ్యండి. వచ్చేదే తక్కువమంది అంటారా, ముఖ్య అతిథి ప్రసంగం గంటన్నర పెడితే ఎవరొస్తారు?

రావణాసురుణ్ని తలుపు పక్కనే పెట్టినాం. ఆఖరిరోజు పెద్దాయన బొమ్మతోపాటు బల్బు కూడా ఊడదీసుకున్నాడు, "ఇది మాదే సార్" అంటూ.