బావి ఈతతో బాబుకు చెవి నొప్పి... మాన్పించాలా?

ప్రశ్న: మా బాబుకు 11 ఏళ్లు. వేసవి సెలవులకు అమ్మమ్మగారి ఊరు వెళ్లి, వ్యవసాయ బావిలో మేనమామ దగ్గర ఈత నేర్చుకుంటున్నాడు. మూడు రోజులుగా కుడి చెవి నొప్పి అంటున్నాడు. కేరళలో అమీబా వ్యాధి గురించి విన్నాక మరీ భయమేస్తోంది. మాన్పించమంటారా?
– ఓ పాఠకురాలు, జనగామ

జవాబు: ఈత మాన్పించకండమ్మా. చెవి తగ్గేదాకా మాత్రం నీళ్లలోకి దింపొద్దు. చెవి రంధ్రం ముందుండే బుడిపెను మెల్లగా నొక్కండి, డొప్పను కాస్త పైకి లాగండి. ‘అబ్బా’ అన్నాడంటే చాలావరకు అది బయటి చెవి ఇన్ఫెక్షనే. గంటలకొద్దీ నీళ్లలో నానితే లోపలి చర్మం మెత్తబడి సూక్ష్మజీవులు చేరతాయి. ఈఎన్‌టీ డాక్టరు చూసి చుక్కల మందు ఇస్తారు. సాధారణంగా వారం పది రోజుల్లో తగ్గుతుంది. వెల్లుల్లి నూనె పోయడం, పుల్లలు తిప్పడం వద్దు. కర్ణభేరికి చిల్లుంటే ఆ నూనె లోపలికే పోతుంది.

ఇక అమీబా. నెగ్లేరియా ఫౌలరీ అనే ఈ జీవి వెచ్చటి మంచినీటిలో పెరుగుతుంది. మే నెలాఖరుకు నీళ్లు అడుగంటి, కాగి ఉండే కుంటల్లాంటివి దానికి అనువైన చోట్లు. ఆ నీళ్లు తాగితే ఈ జబ్బు రాదు, ముక్కులోకి పోతేనే వస్తుంది. చాలా అరుదు, కానీ ప్రాణాంతకం. అందుకే ఒడ్డు మీంచి దూకనివ్వొద్దు, అడుగు బురద కలపనివ్వొద్దు, ముక్కుకు క్లిప్పు పెట్టండి. ఈత కొట్టిన 12 రోజుల్లోపు జ్వరం, తీవ్రమైన తలనొప్పి, వాంతులు, మెడ పట్టేయడం కనిపిస్తే వెంటనే పెద్దాసుపత్రికి తీసుకెళ్లి, ఈత సంగతి ముందే చెప్పండి.

నా అసలు భయం వేరే. బావిలో మెట్టు దాటితే నిలువు లోతే. మునిగేవాళ్లు చాలాసార్లు కేక కూడా వేయలేరు. నడుముకు తాడు, వీపుకు బెండు ఉన్నా సరే, మేనమామ ఒడ్డున కాదు, నీళ్లలో చేతికందే దూరంలో ఉండాలి. దిగేముందు మోటారు కరెంటు పూర్తిగా తీసేయాలి.

ఈ మాటలు ఆయనకు చదివి వినిపించండి: మునిగినవాణ్ని బయటికి తీశాక తలకిందులుగా వేలాడదీయడం, పొట్ట నొక్కడం చేయొద్దు. ఊపిరి లేకపోతే వెల్లకిలా పడుకోబెట్టి, తల కాస్త వెనక్కి వంచి, ముక్కు మూసి నోట్లోకి ఐదుసార్లు ఊదాలి. అయినా చలనం లేకపోతే ఛాతీ మధ్యలో 30 సార్లు నొక్కడం, రెండుసార్లు ఊదడం. 108 వచ్చేదాకా ఇది ఆగకూడదు. తేరుకుని లేచి కూర్చున్నా ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిందే, ఆయాసం కొన్ని గంటల తర్వాత కూడా మొదలవ్వొచ్చు.