బెట్టింగ్ అప్పు ఇంట్లోవాళ్లు కట్టేయొచ్చా?

ప్రశ్న: మా అబ్బాయి హైదరాబాద్‌లో బీటెక్ మూడో ఏడాది. ఐపీఎల్ బెట్టింగుల్లో డబ్బు పోగొట్టుకుని లోన్ యాప్‌లకూ స్నేహితులకూ కలిపి 85 వేలు బాకీ పడ్డాడు. కిందటేడు 30 వేలు మేమే కట్టాం. ‘ఈ ఒక్కసారి కట్టండి, మళ్లీ ఆడను’ అంటున్నాడు. ఏం చేయమంటారు?
– ఒక తల్లి, నరసరావుపేట

జవాబు: కట్టండమ్మా, కానీ డబ్బు అబ్బాయి చేతికివ్వకండి. కిందటేడు ఏం జరిగి ఉంటుందో చూడండి. అప్పు తీరగానే చాలా యాప్‌లు ఇంకాస్త పెద్ద అప్పు ఇస్తామంటూ మెసేజ్ పెడతాయి.

ముందు ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్ తీయించి, పక్కన కూర్చుని చూడండి. మ్యాచ్ ఉన్న రాత్రుల్లో ముక్కూ మొహం తెలియనివాళ్ల పేర్లకు 200, 400, 800, 1600, 3200 అంటూ వెళ్లిందా? పోయింది రాబట్టుకోవాలని పందెం రెట్టింపు చేస్తున్నాడన్నమాట. ఈ ఐదూ ఓడితే 6,200 పోయినట్టు. ఆరోసారి 6,400 పెట్టి, పెట్టినంతా లాభం వచ్చినా చివరికి మిగిలేది 200. ఆ పేర్లు మాటిమాటికీ మారడానికి కారణం, బుకీలు అద్దె ఖాతాలు, అంటే డబ్బిచ్చి తీసుకున్న వేరేవాళ్ల బ్యాంకు ఖాతాలు వాడటం. మీవాడు తన ఖాతా ఎవరికైనా ఇచ్చాడేమో తప్పక అడగండి. ఇస్తే ఆ ఖాతా ఫ్రీజ్ కావచ్చు, కేసూ రావచ్చు.

బాకీలన్నీ కాగితం మీద రాయించి, మీ ఖాతా నుంచే నేరుగా చెల్లించండి. లోన్ యాప్‌ల నుంచి బాకీ ఏమీ లేదనే నో డ్యూస్ పత్రం తీసుకోండి. ఖాతా నుంచి దానంతటదే డబ్బు కట్ అయ్యే ఆటోపే రద్దు చేయించండి, ఇప్పుడు వాడుకుని తర్వాత కట్టే పే లేటర్ మూయించండి, బ్యాంకు యాప్‌లో యూపీఐ పరిమితి తగ్గించండి. మెస్ డబ్బు వారానికోసారి ఇస్తే చాలు. ఫొటోలు మార్ఫింగ్ చేస్తామని బెదిరిస్తే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

పందెం పెంచుకుంటూ పోవాలనిపిస్తోందా, ఎంత పోయిందో ఇంట్లో దాచావా అని అడగండి. ఒక్కదానికి అవునన్నా సైకియాట్రిస్టుకు చూపించాలి. మీవాడి విషయంలో రెండోది దాదాపు తేలిపోయినట్టే. అప్పు బయటపడిన రోజులే ప్రమాదకరం. చనిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగండి, అడిగితే ఆ ఆలోచన పుట్టదు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఏ వేళైనా ఉచితంగా, తెలుగులోనే మాట్లాడొచ్చు.

ప్రశ్న: నేను డిగ్రీ విద్యార్థిని. ఆడను, కమీషన్ కోసం ఓ బెట్టింగ్ యాప్ లింకు గ్రూపుల్లో పెడుతున్నా. తప్పా?
– వరంగల్

జవాబు: ఆడటం కన్నా ఇదే ఎక్కువ ప్రమాదం. డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లోనే నిషేధించింది. పార్లమెంటు 2025లో చేసిన చట్టమైతే ప్రచారం చేసేవాళ్లకు రెండేళ్ల వరకు జైలు, 50 లక్షల వరకు జరిమానా అంటోంది. లింకులన్నీ ఇవాళే తీసేయండి.