ముఖంలో షాక్ కొట్టినట్టు నొప్పి.. గంజాయి మందు వాడొచ్చా?

ప్రశ్న: నా వయసు 58. మాది కాకినాడ. నాలుగేళ్లుగా కుడి చెంప, కింది దవడలో కరెంటు షాక్ కొట్టినట్టు నొప్పి వస్తోంది. పళ్లు తోముకున్నా, ముద్ద నమిలినా, ఫ్యాను గాలి తగిలినా ప్రాణం పోయినంత పనవుతుంది. పంటి నొప్పేమోనని రెండు దవడ పళ్లు తీయించుకున్నా తగ్గలేదు. న్యూరాలజిస్టు చూసి ట్రైజెమినల్ న్యూరాల్జియా అన్నారు. కార్బమజెపైన్ 200 మి.గ్రా. ఉదయం, రాత్రి వేసుకోమన్నారు. మత్తుగా, తూలినట్టు ఉంటోందని నొప్పి ఎక్కువైన రోజే వేసుకుంటున్నా. బీపీకి టెల్మిసార్టాన్-హెచ్ వాడుతున్నా. అమెరికాలో ఇలాంటి నొప్పులకు మెడికల్ గంజాయి ఇస్తారని, ఈసారి వచ్చేటప్పుడు గంజాయి మొక్క నుంచి తీసిన సీబీడీ నూనె, గమ్మీలు (చప్పరించే బిళ్లలు) తెస్తానని మా అమ్మాయి అంటోంది. వాడొచ్చా? ఇక్కడ దొరుకుతుందా?

జవాబు: ఆ నూనె, గమ్మీలు తేవద్దని అమ్మాయికి ఈరోజే చెప్పండి. ఎందుకో చెబుతాను. దానికన్నా ముందు మీ మాత్ర సంగతి చూడాలి. మీకు రాసింది సరైన మందే. అది పనిచేసేలా మీరింకా వాడనేలేదు.

ముఖానికి స్పర్శనిచ్చే ట్రైజెమినల్ నరం మెదడు కాండం నుంచి బయటికొచ్చే చోట, చాలామందిలో ఒక రక్తనాళం దాన్ని ఒరుసుకుంటూ ఉంటుంది. గుండె కొట్టుకున్న ప్రతిసారీ ఆ నాళం నరానికి తగులుతూ, పైనున్న మైలిన్ పొరను అరగదీస్తుంది. పొర పోయిన కరెంటు తీగల్లాగే అక్కడ సంకేతాలు ఒకదాంట్లోంచి మరోదాంట్లోకి దూకుతాయి. అందుకే ఫ్యాను గాలి తగిలినా మెదడుకు అది భరించలేని నొప్పిగా చేరుతుంది. తప్పు నరం మొదట్లో ఉంది కాబట్టి పళ్లు తీయించినా లాభం లేకపోయింది. ఇక మీదట దవడ పళ్లు తీయిస్తామని ఎవరైనా అంటే, ముందు న్యూరాలజిస్టుతో మాట్లాడకుండా ఒప్పుకోకండి.

ఒక్కో షాక్ కొన్ని సెకన్లు, మహా అయితే రెండు నిమిషాలు ఉంటుంది. మింగిన మాత్ర రక్తంలోకి చేరేసరికి ఆ షాక్ ఎప్పుడో అయిపోతుంది. పారాసిటమాల్, డైక్లోఫెనాక్ ఈ నొప్పికి పనిచేయవు. కార్బమజెపైన్ నరంలోని సోడియం ద్వారాలను అదుపు చేసి షాక్ పుట్టకుండా ఆపుతుంది. రక్తంలో రాత్రీ పగలూ ఉంటేనే ఆ పని చేయగలదు. నొప్పి ఎక్కువైన రోజే వేసుకుంటే మత్తు మాత్రమే మిగులుతుంది. పైగా ఒంటికి అలవాటు పడే వీలు లేక, వేసుకున్న ప్రతిసారీ మొదటి రోజు మత్తే మళ్లీ వస్తుంది.

మీ డాక్టరును కలిసి మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టండి. సాధారణంగా 100 మి.గ్రా. చొప్పున రోజుకు రెండుసార్లతో మొదలుపెట్టి, మూడు నాలుగు రోజులకోసారి 100 మి.గ్రా. పెంచుతారు. చాలామందికి రోజుకు 400 నుంచి 800 మి.గ్రా. మధ్య నొప్పి అదుపులోకి వస్తుంది. 1200 దాటనివ్వరు. సీఆర్ అని రాసి ఉండే, నెమ్మదిగా విడుదలయ్యే మాత్రయితే తూలు తక్కువ. నమలడం కష్టమని కొందరు దాన్ని పొడి చేసి పాలలో కలుపుకుంటారు. అలా చేస్తే మందంతా ఒక్కసారే ఒంట్లోకి వెళ్లి కళ్లు తిరుగుతాయి. మింగలేకపోతే సిరప్ రాయించుకోండి. మరో సంగతి కూడా గుర్తుంచుకోవాలి. ఈ మందు తనను తానే కరిగించుకునే ఎంజైములను కాలేయంలో పెంచుతుంది. మొదట బాగా పనిచేసి, మూడు నాలుగు వారాలకు మళ్లీ షాకులు మొదలైతే మందు విఫలమైందని అనుకోవద్దు. మోతాదు కాస్త పెంచాల్సిన సమయం అది.

మీ బీపీ మాత్రలో హెచ్ అంటే హైడ్రోక్లోరోథయజైడ్. అది మూత్రం ద్వారా సోడియాన్ని బయటికి పంపుతుంది. కార్బమజెపైన్ కూడా రక్తంలో సోడియాన్ని తగ్గిస్తుంది. రెండూ కలిస్తే మగత, తూలు, తికమక రావచ్చు. మీరు మాత్ర మత్తు అనుకుంటున్నదాంట్లో దీని వాటా ఎంతో సోడియం పరీక్ష చేయిస్తే తెలుస్తుంది. దాంతోపాటు రక్తకణాల సంఖ్య, కాలేయ పరీక్షలు కూడా చేయించండి. సోడియం తక్కువుంటే హెచ్ లేని బీపీ మాత్రకు మార్చడం చిన్న పని. బీపీ మాత్రను సొంతంగా మాత్రం ఆపకండి.

ఇక గంజాయి మందు. నరాల నొప్పులకు వీటిపై జరిగిన 16 అధ్యయనాలను, అంటే సుమారు 1750 మంది ఫలితాలను, 2018లో వైద్య పరిశోధనలను సమీక్షించే కాక్రేన్ సంస్థ ఒకచోట చేర్చి చూసింది. నొప్పి సగానికి సగం తగ్గినవాళ్లు గంజాయి మందు తీసుకున్నవారిలో నూటికి 21 మంది, ఉత్తుత్తి మందు తీసుకున్నవారిలో 17 మంది. అంటే ఇరవై, పాతిక మందికి ఇస్తే ఒక్కరికి అదనపు మేలు. అవి కూడా ఎక్కువగా షుగరు, హెచ్ఐవీ, నరాల దెబ్బల లాంటి వాటివల్ల ఎడతెగకుండా వచ్చే నొప్పులు. సెకన్లలో వచ్చిపోయే మీ షాకుల కథ వేరు. గమ్మీ పనిచేయడానికి గంట నుంచి రెండు గంటలు పడుతుంది. ముప్పావుగంట చూసి ఏమీ కాలేదని రెండోది తిని ఆస్పత్రి పాలయ్యేవాళ్లున్నారు. రెండూ కలిసి ఎక్కితే గుండె దడ, భయం, వాంతులు. బీపీ మాత్ర వాడే మీ వయసువాళ్లు మంచం మీంచి లేవగానే బీపీ పడిపోయి, తుంటి ఎముక విరగ్గొట్టుకునే ప్రమాదం ఉంది. కార్బమజెపైన్‌తో కలిస్తే మత్తు ఇంకా పెరుగుతుంది. అదే కార్బమజెపైన్ కాలేయంలో గంజాయిలో మత్తెక్కించే టీహెచ్‌సీ, మత్తెక్కించని సీబీడీ రెండింటినీ త్వరగా కరిగించేస్తుంది కూడా. మత్తు భరిస్తూ, ప్రయోజనం తక్కువ పొందుతారు.

బ్రిటన్‌లో 2018 నవంబరు నుంచి స్పెషలిస్టులు గంజాయి మందులు రాయొచ్చు. అయినా అక్కడి నైస్ సంస్థ 2019లో ఇచ్చిన మార్గదర్శకాల్లో దీర్ఘకాలిక నొప్పికి వీటిని పరిశోధనలో భాగంగా తప్ప ఇవ్వవద్దంది. అమెరికాలో ఎఫ్‌డీఏ 2018లో అనుమతించిన సీబీడీ మందు ఎపిడియోలెక్స్ పిల్లల్లో వచ్చే అరుదైన మూర్ఛలకు. నొప్పికి కాదు.

మన దేశంలో 1985 నాటి ఎన్‌డీపీఎస్ అనే మత్తుమందుల చట్టం ప్రకారం గంజాయి మొక్క పూత, బంక, వాటితో చేసిన మిశ్రమాలు నిషిద్ధం. కిలోలోపు గంజాయి దొరికినా ఏడాది వరకు జైలు, పదివేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడొచ్చు. అమెరికాలో డాక్టరు రాసిన చీటీ శంషాబాద్‌లో చెల్లదు. గల్ఫ్ మీదుగా విమానం మారితే అక్కడి చట్టాలు మరీ కఠినం. ఆకు, గింజ పూత నుంచి వేరుగా ఉంటే ఎన్‌డీపీఎస్ నిర్వచనంలోకి రావు. అందుకే భంగు ఆకుతో, విజయ అనే పేరుతో, లైసెన్సు ఉన్న ఆయుర్వేద మందులు డాక్టరు చీటీ మీద దొరుకుతాయి. అలాంటిది ఎవరైనా రాస్తే టీహెచ్‌సీ, సీబీడీ ఎన్ని మి.గ్రా. ఉన్నాయో సీసా మీద రాసి లేకపోతే ముట్టుకోకండి. హెంప్ గింజల నూనె వంటనూనె లాంటిది, అందులో సీబీడీ లేనట్టే. ఇక ఊళ్లో దొరికే గంజాయిలో ఎంత టీహెచ్‌సీ ఉందో అమ్మేవాడికీ తెలియదు.

కార్బమజెపైన్ సరైన మోతాదులో ఆరు వారాలు వాడినా లొంగకపోతే ఆక్స్‌కార్బజెపైన్‌కు మారడం, బాక్లోఫెన్ లేదా లామోట్రిజిన్ జోడించడం లాంటి దారులున్నాయి. ఆక్స్‌కార్బజెపైన్‌తో సోడియం ఇంకా ఎక్కువగా పడిపోతుంది, గమనించాలి. ఇప్పటిదాకా తీయించకపోతే నరాన్ని, రక్తనాళాన్ని సన్నని పొరలుగా చూపే ఎంఆర్ఐ తీయించండి. నాళం నొక్కుతున్నట్టు తేలితే, చెవి వెనక చిన్న రంధ్రం చేసి నాళానికీ నరానికీ మధ్య టెఫ్లాన్ మెత్త పెట్టే ఆపరేషన్ ఉంది. పదేళ్ల తర్వాత కూడా నూటికి డెబ్బై మంది దాకా నొప్పి లేకుండా ఉంటారు. ఆపరేషన్‌కు ఇచ్చే పూర్తి మత్తు తట్టుకోలేని వయసువారికి రేడియోఫ్రీక్వెన్సీ వేడితో నరాన్ని మొద్దుబార్చడం, కోత లేకుండా రేడియేషన్‌తో చేసే గామా నైఫ్ ఉన్నాయి. గామా నైఫ్ గుణం కనబడటానికి వారాల నుంచి నెలలు పడుతుంది, ఈలోగా మాత్రలు ఆపకూడదు.

మాత్ర మళ్లీ మొదలుపెట్టిన తొలి రెండు నెలల్లో ఒంటిపై దద్దుర్లు, నోట్లో పుళ్లు, జ్వరం కనిపిస్తే వెంటనే మాత్ర ఆపేసి, అదే రోజు ఆస్పత్రికి వెళ్లండి. అర్ధరాత్రయినా సరే, తెల్లారనివ్వకండి.