టైప్ 3 అంటే మూడో స్టేజా?

ప్రశ్న: మా నాన్నకు 61 ఏళ్లు. రెండు నెలలుగా కామెర్లు. మధ్యలో పసరు మందు పోయించాం. ఎంఆర్‌సీపీలో (పైత్యరస నాళాల ఎంఆర్‌ఐ స్కాన్) ‘హైలార్ స్ట్రిక్చర్, బిస్మత్ టైప్ 3ఏ’ అని వచ్చింది. రక్తంలో సీఏ 19-9 (కేన్సర్ సూచిక) పెరిగింది కానీ నాళం లోపలి గోడను గీకి చేసే బ్రష్ పరీక్షలో కేన్సర్ కణాలు లేవన్నారు. టైప్ 3 అంటే మూడో స్టేజేనా? మూడు రోజులుగా చలిజ్వరం కూడా వస్తోంది. – ఓ పాఠకుడు, మలక్‌పేట

జవాబు: మీరు చివర్లో రాసిన చలిజ్వరమే నాకు ముందు కనిపించింది. పైత్యరస నాళం మూసుకుపోయిన మనిషికి చలితో జ్వరం వస్తోందంటే లోపల ఇన్ఫెక్షన్ చేరి ఉండొచ్చు. అది రక్తంలోకి పాకితే ప్రాణం మీదికొస్తుంది. పారాసిటమాల్ వేసి చూద్దాం అనుకోకుండా ఈరోజే ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి. మీకు దగ్గర్లోని ఉస్మానియాలోనూ, నిమ్స్‌లోనూ సర్జికల్ గ్యాస్ట్రో విభాగాలున్నాయి.

టైప్ వేరు, స్టేజ్ వేరు. కాలేయం కుడి, ఎడమల నుంచి వచ్చే నాళాలు రెండూ దాని గుమ్మం దగ్గర కలుస్తాయి. అక్కడ నాళం ఇరుకవడమే మీ రిపోర్టులోని ‘హైలార్ స్ట్రిక్చర్’. బిస్మత్ లెక్కలో ఆ అడ్డంకి కూడలికి కిందే ఉంటే టైప్ 1, కూడలిదాకా వస్తే 2, కుడి కొమ్మలోకి పాకితే 3ఏ, ఎడమలోకైతే 3బీ, రెండిట్లోకీ అయితే 4. ఎంత మేర కోయాలో సర్జన్‌కు చెప్పే లెక్క అది. స్టేజ్ తేలాలంటే లింఫ్ గ్రంథులు, రక్తనాళాలు, మిగతా అవయవాలు చూడాలి.

పైత్యరస నాళాల కేన్సర్లు కాలేయం లోపలా, గుమ్మం దగ్గరా, కింద పాంక్రియాస్ వైపూ వస్తాయి. ఎక్కువగా చూసేది గుమ్మం దగ్గరివే. దాదాపు అన్నీ అడినోకార్సినోమాలే (గ్రంథి కణాల తరహా కేన్సర్లు). ఈ చోట వచ్చేవి చాలావరకు గడ్డలా ఉబ్బకుండా నాళం గోడ వెంబడి పాకుతాయి. గోడ పీచులా గట్టిపడి, కేన్సర్ కణాలు ఆ పీచులో అక్కడక్కడా దాక్కుంటాయి. బ్రష్ గీకేది పైపైనే కాబట్టి నెగటివ్ వచ్చిందని నిశ్చింతగా ఉండలేం. అలాగని సీఏ 19-9 చూసి కేన్సరేనని తేల్చనూలేం, నాళం మూసుకున్నా, ఇన్ఫెక్షన్ ఉన్నా అది పెరుగుతుంది. రోగనిరోధక వ్యవస్థ గాడి తప్పి వచ్చే ఐజీజీ4 జబ్బు కూడా అచ్చం ఇలాగే కనిపించి స్టెరాయిడ్లకు తగ్గుతుంది. ఆ రక్తపరీక్ష చేశారేమో అడగండి.

ఇక పసరు. ‘మధ్యలో’ అని ఒక్క మాటతో దాటేశారు, రోజులు పోయింది ఆ మధ్యలోనే కదా! వైరల్ కామెర్లు చాలామందిలో వాటంతటవే తగ్గుతాయి, పేరు పసరుకొస్తుంది. మలం సున్నంలా తెల్లబడి, మూత్రం ముదురు రంగుకు తిరిగి, రాత్రంతా గీరుకుని ఒంటి మీద చారలు పడుతుంటే అవి వేరే, నాళం మూసుకుపోయి వచ్చే కామెర్లు. నొప్పి లేదు కదా అని ఆగకూడదు. ఏ పసరు, ఎన్ని రోజులు తాగారో డాక్టర్ దగ్గర దాచకండి. దానివల్ల కాలేయం దెబ్బతిని ఉండొచ్చు.

ఆపరేషన్‌కు వీలుంటే స్టెంట్ (నాళాన్ని తెరిచి ఉంచే గొట్టం) ఎటువైపు వేయాలో సర్జన్ కూడా చూసి చెప్పడం మంచిది. ఫిల్ములు చూడకుండా ఇంతకుమించి చెప్పలేను. వెళ్లేటప్పుడు రిపోర్టు కాగితంతో పాటు ఎంఆర్‌సీపీ సీడీ కూడా పట్టుకెళ్లండి.